మోటార్‌హోమ్‌లో బల్బులు కొనే ముందు మీటర్ పెట్టి చూడండి

మీ ప్రశ్నను నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో ముందు ఒకసారి చెప్పుకుంటాను. పాత మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బండి) కొన్నారు. లోపల సగం లైట్లు వెలగడం లేదు. కొత్త బల్బులు వేస్తే మూడు నాలుగు వారాలకే పోతున్నాయి. విసుగొచ్చి ఎల్ఈడీ బల్బులు తెప్పించి పెడితే ఒకటి అసలు వెలగలేదు, ఇంకొకటి వణుకుతూ వెలుగుతోంది, మూడోది హోల్డర్‌లోకే వెళ్లలేదు. "అన్నీ మార్చేస్తాను, ఏ బల్బు కొనాలో చెప్పండి" అన్నారు.

బల్బుల సంగతి చెబుతాను. కానీ అన్నీ ఒకేసారి మాత్రం కొనకండి. మీరు చెప్పిన బాధల్లో బల్బు ఎంపిక వల్ల వచ్చింది హోల్డర్‌లో పట్టకపోవడం ఒక్కటే. మిగతావన్నీ బల్బు దాకా వస్తున్న కరెంటువి. చాలా ఏళ్లుగా ఇలాంటి బళ్ల లోపలి వైరింగు చూస్తున్నాను. బల్బులు మాటిమాటికీ పోతున్నాయని నా దగ్గరికి వచ్చినవాటిలో బల్బే నాసిరకం అని తేలినవి చాలా తక్కువ. ఛార్జింగ్ వోల్టేజీ ఎక్కువై ఉండటం, హోల్డర్‌లో చిలుము పట్టి ఉండటం, మైనస్ వైరు వదులై ఉండటం, ఎక్కువగా ఈ మూడే. వీటిని అలాగే వదిలేసి ఎంత మంచి బల్బు పెట్టినా అది కూడా అదే దారి పడుతుంది.

పనిలోకి దిగే ముందు ఒక జాగ్రత్త. 12 వోల్టులే కదా అని చాలామంది కరెంటు ఆపకుండానే చెయ్యి పెడతారు. షాక్ కొట్టదు, నిజమే. కానీ ప్లస్ వైరు వెళ్లి మైనస్‌కు తగిలితే బ్యాటరీ నుంచి ఒక్క క్షణంలో వందల ఆంపియర్లు పారగలవు. అప్పుడు వైరు ఎర్రబడకుండా కాపాడేది ఫ్యూజు ఒక్కటే. పాత బండిలో ఆ ఫ్యూజు స్థానంలో ఇదివరకటి యజమాని ఏం పెట్టాడో మీకు తెలియదు. లైట్ల లైనుకు సాధారణంగా 15 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు ఉంటుంది. మాటిమాటికీ పోతోందని అక్కడ 20, 25 పెట్టిన బళ్లను నేను చూశాను. అలా ఉంటే ముందు దాన్ని ఫ్యూజు పెట్టె మీద రాసి ఉన్న అంకెకు మార్చండి.

బ్యాటరీ స్విచ్ ఆపేస్తే లైట్లకు కరెంటు పోయినట్టే అనుకోవద్దు. బండికి బయటి కరెంటు ప్లగ్ పెట్టి ఉంటే, లోపల ఉన్న కన్వర్టర్ ఆ కరెంటును 12 వోల్టులుగా మార్చి లైట్లకు పంపుతూనే ఉంటుంది. కాబట్టి ముందు ప్లగ్ పీకండి, తర్వాత బ్యాటరీ స్విచ్ ఆపండి, పైకప్పు మీద సోలార్ ప్యానెల్ ఉంటే దాన్నీ విడదీయండి. ఆ తర్వాత హోల్డర్‌లో మీటర్ (వోల్టేజీ కొలిచే మల్టీమీటర్) పెట్టి సున్నా చూపిస్తోందని మీ కళ్లతో చూసుకున్నాకే వైర్లు ముట్టుకోండి. ఉత్త బల్బు తీసి పెట్టడానికైతే ఇంత అవసరం లేదు, ఆ లైటు స్విచ్ ఆపి బల్బు చల్లారేదాకా ఆగితే చాలు. ఆగడం మాత్రం మానకండి. 18 వాట్ల ఫిలమెంట్ బల్బు (లోపల సన్నటి తీగ వెలిగే పాత రకం) గాజు పది నిమిషాలు వెలిగినా చెయ్యి కాలుస్తుంది. హాలోజన్ అయితే ఇంకా ఎక్కువ.

మోటార్‌హోమ్‌లో రెండు బ్యాటరీల వ్యవస్థలు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. ఇంజిన్‌ను స్టార్ట్ చేసేది ఒకటి, ఇంటి భాగానికి కరెంటు ఇచ్చేది ఇంకొకటి. డ్రైవర్ సీటు పైన ఉండే లైటు మామూలుగా ఇంజిన్ బ్యాటరీది, మిగతా గదిలో లైట్లు ఇంటి బ్యాటరీవి. మెట్ల దగ్గరి లైటు కొన్ని బళ్లలో దీనిది, కొన్నింట్లో దానిది. ఒక లైటు వెలగకపోతే ఏ ఫ్యూజు పెట్టె దగ్గరికి వెళ్లాలన్నది దీన్నిబట్టే ఉంటుంది. ఇది తెలియక ఒక పూటంతా తప్పు పెట్టెలో వెతికినవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మీటర్. మొదటి కొలత బ్యాటరీ మీదే తీసుకోండి. ఇంజిన్ ఆగి, ప్లగ్ లేకుండా, కొన్ని గంటలు ఊరికే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6, 12.7 వోల్టులు చూపిస్తుంది. 12.0 దగ్గర ఉంటే బాగా ఖాళీ అయినట్టు. తర్వాత ప్లగ్ పెట్టి చూడండి. నిండిన బ్యాటరీని అలా నిలబెట్టి ఉంచే వోల్టేజీ 13.6 చుట్టూ ఉంటుంది, గట్టిగా ఛార్జ్ చేస్తున్నప్పుడు 14.4 దాకా వెళుతుంది. చివరగా ఇంజిన్ స్టార్ట్ చేసి ఇంకోసారి చూడండి, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) కూడా ఇంచుమించు అంతే ఇవ్వాలి. ఎక్కడైనా 15 దాటి నిలబడితే బల్బుల మాట పక్కన పెట్టి ముందు ఆ ఛార్జర్‌ను లేదా ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ను చూపించండి. బల్బుల కంటే ముందు బ్యాటరీ పాడయ్యే పరిస్థితి అది. కొన్ని ఛార్జర్లు బ్యాటరీ ప్లేట్లను శుభ్రం చేయడానికి కొద్ది గంటలు కావాలనే 15 పైకి తీసుకెళతాయి. మీ ఛార్జర్‌లో ఆ పద్ధతి ఉంటే అది నడిచేటప్పుడు లైట్లు వేయకండి.

ఈ అంకెలు ఎందుకు ముఖ్యమో చెబుతాను. మోటార్‌హోమ్‌లో ఎక్కువగా కనిపించే ఫిలమెంట్ బల్బులను 12.8 వోల్టుల దగ్గర పనిచేయాలని లెక్కకట్టి తయారు చేస్తారు. వోల్టేజీ కొంచెం పెరిగినా ఫిలమెంట్ ఆయుష్షు చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ 5 శాతం పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. 14.4 వోల్టులంటే 12 శాతానికి పైగా ఎక్కువ, అప్పుడు మిగిలేది నాలుగో వంతు కూడా కాదు. రోజంతా ప్లగ్ పెట్టి లైట్లు వేసుకునే బండిలో బల్బులు ఎందుకు త్వరగా పోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. దానికి బండి కుదుపు తోడవుతుంది. వేడెక్కి మెత్తబడిన ఫిలమెంట్ కుదుపుకు తెగినంత సులువుగా చల్లటిది తెగదు. ప్రయాణంలో లోపలి లైట్లు ఆపేయడం అనే ఒక్క అలవాటుతోనే బల్బులు ఎక్కువ కాలం మన్నుతాయి.

రెండో కొలత హోల్డర్ దగ్గర. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. బల్బు తీసేసి ఖాళీ హోల్డర్‌లో మీటర్ పెడతారు, 12.6 చూపిస్తుంది, వైరింగు బాగుంది అనుకుంటారు. మీటర్ దాదాపు కరెంటు తీసుకోదు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా, చిలుము పొర మీద నుంచి అయినా, దానికి నిండు వోల్టేజీ కనిపిస్తుంది. అసలు సంగతి బల్బు వెలుగుతున్నప్పుడే బయటపడుతుంది. కాబట్టి బల్బు పెట్టి, స్విచ్ వేసి, మీటర్ సూదులు హోల్డర్ వెనక వైర్ల దగ్గర ఆనించి చూడండి. బ్యాటరీ దగ్గరికీ ఇక్కడికీ అర వోల్టు తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. రెండు మూడు వోల్టులు పడిపోతే దారిలో ఎక్కడో జాయింటు చెడింది. ప్లస్ వైపా మైనస్ వైపా అన్నది తేల్చడానికి, బ్యాటరీ మైనస్ నుంచి పొడుగాటి వైరు ఒకటి లాక్కొచ్చి హోల్డర్ మైనస్‌కు తాకించండి. లైటు ఒక్కసారిగా ప్రకాశవంతమైతే దోషం మైనస్ దారిలో ఉన్నట్టే. నా అనుభవంలో ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది, అల్మారా వెనక ఎక్కడో మెలితిప్పి టోపీ పెట్టిన జాయింటు బండి అదురుకు వదులై ఉంటుంది. దాన్ని మళ్లీ మెలితిప్పి వదిలేయకుండా, క్రింప్ చేసే (పనిముట్టుతో నొక్కి బిగించే) జాయింటు గానీ నొక్కి పట్టే లివర్ కనెక్టర్ గానీ వేయండి.

హోల్డర్‌ను కూడా చూడండి. అడుగున ఉండే ఇత్తడి నాలుక స్ప్రింగులా పైకి లేచి ఉండాలి. వేడికి మెత్తబడి అణిగిపోయి ఉంటే బల్బుకు సరిగ్గా తగలదు, తగిలీ తగలక నిప్పురవ్వలు వస్తాయి, బల్బు అడుగున నల్ల మచ్చలు పడతాయి. మీరు పారేసిన పాత బల్బులు ఇంకా ఉంటే అడుగు చూడండి, మచ్చలుంటే కారణం దొరికినట్టే. కరెంటు ఆపేసి ఆ నాలుకను చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దిగా పైకి లేపండి, సన్నటి ఉప్పు కాగితంతో గానీ పెన్సిల్ రబ్బరుతో గానీ రుద్ది మెరిసేలా చేయండి. స్నానాల గదిలో ఆవిరి తగిలే హోల్డర్‌కు డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పలచగా రాస్తే చిలుము త్వరగా పట్టదు.

ఇక బల్బులు. ఏది కొనాలో తెలిసే మార్గం పాత బల్బు తీసి దాని మీద అంకె చదవడమే. ఫొటో చూసి, బండి పేరు చెప్పి కొనడం వద్దు. ఒకే బండిలో నాలుగు రకాలు ఉంటాయి, పైగా పాత యజమాని మార్చి ఉండవచ్చు. అందుకే ఫిక్చర్ (హోల్డర్, కవర్ కలిసిన లైటు పెట్టె) లోపల అతికించిన కాగితం మీద వాటేజీ ఎంత వరకు అని రాసి ఉందో అదీ చూడండి.

గుండ్రటి లోహపు అడుగు, పక్కన రెండు చిన్న పిన్నులు ఉండి, నొక్కి తిప్పితే వచ్చేది బయొనెట్ బల్బు. అడుగు వ్యాసం 15 మిల్లీమీటర్లు, అందుకే బీఏ15 అంటారు. చివర ఎస్ ఉంటే అడుగున కరెంటు తగిలే చుక్క ఒకటే, డీ ఉంటే రెండు చుక్కలు. పక్క పిన్నులు రెండింటికీ ఒకేలా ఉంటాయి కాబట్టి దూరం నుంచి తేడా తెలియదు. బీఏవై15డీ అని ఇంకొకటి ఉంది, 1157 నంబరుతో వచ్చే రెండు ఫిలమెంట్ల బల్బు అది. దాని పిన్నులు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి, మామూలు హోల్డర్‌లో తిరగదు. మీ మూడో ఎల్ఈడీ వెళ్లకపోవడానికి కారణం బహుశా ఇదే అయి ఉంటుంది. పిన్నులు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

బయొనెట్‌లో మీకు తగిలే నంబర్లు మూడు. 1003 దాదాపు 12 వాట్లు, 1141 సుమారు 18 వాట్లు, 1156 సుమారు 27 వాట్లు. మూడింటి అడుగూ ఒకటే, ఒకదాని హోల్డర్‌లో ఇంకొకటి చక్కగా కూర్చుంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంది. పడక పైన వెలుతురు చాలడం లేదని ఒకాయన 1141 తీసి 1156 పెట్టారు, ఒకే ఫిక్చర్‌లో రెండు. నేను చూసేసరికి ప్లాస్టిక్ కవర్ మధ్యలో కిందికి జారి ఉంది, తీస్తే పైకప్పు మీద గోధుమరంగు వలయం. ఆ వలయం ఇప్పటికీ పోలేదు. ఫిలమెంట్ బల్బునే వాడాలనుకుంటే పాత నంబరు దాటకండి, ఒక మెట్టు తక్కువైనా పర్వాలేదు.

అడుగే లేకుండా గాజే చీలికలా ఉండి, నేరుగా లాగితే వచ్చేది వెడ్జ్ బల్బు. వీటిలో 921 అనేది 18 వాట్ల వరకు తీసుకుంటుంది, 194 మాత్రం 4 వాట్ల లోపే. రెండింటి చీలికా ఒకే కొలత, ఒకదాని హోల్డర్‌లో ఇంకొకటి కూర్చుంటుంది, కాబట్టి నంబరు చూసే పెట్టండి. రెండు సన్నటి పిన్నులతో గోళీలా ఉండే హాలోజన్ బల్బు జీ4, పిన్నుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. దాన్ని వట్టి వేళ్లతో పట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట గాజు మరీ వేడెక్కి అక్కడే చెడుతుంది. పొరపాటున తాకితే స్పిరిట్ గుడ్డతో తుడిచి పెట్టండి. రెండు కొసలా టోపీలతో గొట్టంలా ఉండేది ఫెస్టూన్. దాన్ని పొడవు కొలిచి కొనాలి, 31, 36, 41 మిల్లీమీటర్లు అలా వస్తాయి. పొట్టిదైతే వదులుగా వేలాడుతుంది.

కవర్లు తీయడం గురించి కొంచెం చెప్పాలి, బల్బుల కంటే ఇవే ఎక్కువ పగులుతాయి. పాత ప్లాస్టిక్ ఎండకు, వేడికి పెళుసెక్కి ఉంటుంది. చలిగా ఉన్న పొద్దుటిపూట అసలు ముట్టుకోకండి, బండి లోపల వెచ్చబడ్డాక తీయండి. పొడుగు కవర్ అయితే రెండు అరచేతులతో పొడుగు వైపుల్ని లోపలికి నొక్కితే ఒక అంచు గాడి నుంచి బయటికి వస్తుంది. స్క్రూడ్రైవర్ మొన పెట్టి ఎత్తవద్దు, పాత ప్లాస్టిక్ కార్డు ముక్క లాంటిది అంచులోకి దూర్చి జరపండి. గుండ్రటి గాజు కవర్ పావు వంతు తిప్పితే వస్తుంది. పైకప్పులోకి పొదిగిన చిన్న లైట్లను పక్కన రెండు స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. కిందికి లాగాక ఆ స్ప్రింగులు ఎలుక బోనులా టక్కున మూసుకుంటాయి, వేళ్లు దూరంగా ఉంచండి. బయొనెట్ బల్బు బిగుసుకుపోతే గుడ్డతో కాక రబ్బరు గ్లవ్‌తో పట్టుకుని ముందు లోపలికి నొక్కి తర్వాత ఎడమకు తిప్పండి. గాజు పగిలి అడుగు లోపలే ఉండిపోతే కరెంటు మొత్తం ఆపి, కళ్లద్దాలు పెట్టుకుని, నోస్ ప్లయర్‌తో లోహపు అంచు పట్టుకుని తిప్పాలి.

ఎల్ఈడీకి మారమని నేనూ చెబుతాను, దానికి లెక్క ఉంది. ఒక 1141 బల్బు దాదాపు 1.44 ఆంపియర్లు లాగుతుంది. రెండేసి బల్బులున్న ఫిక్చర్లు ఐదు ఉంటే మొత్తం 14.4 ఆంపియర్లు. నాలుగు గంటలు వేస్తే 57 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లను గంటలతో గుణిస్తే వచ్చేది) దాటుతుంది. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలా కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. అంటే సాయంత్రం లైట్లకే బ్యాటరీ అయిపోతుంది, నీళ్ల పంపుకూ ఫ్యాన్‌కూ మిగలదు. అంత వెలుతురే ఇచ్చే ఎల్ఈడీ బల్బు 0.2 ఆంపియర్ల దగ్గర తీసుకుంటుంది. అదే లెక్కలో నాలుగు గంటలకు 8 ఆంపియర్ అవర్లు. బయటి కరెంటు లేని చోట రాత్రిళ్లు గడిపేవారికి ఈ ఒక్క మార్పు ఇంకో బ్యాటరీ కొన్నంత పని చేస్తుంది.

కానీ ఏ ఎల్ఈడీ అన్నది ముఖ్యం. బల్బు మీద గానీ డబ్బా మీద గానీ వోల్టేజీ పరిధి చూడండి. 10 నుంచి 30 వోల్టుల డీసీ అని రాసి ఉంటే లోపల కరెంటును అదుపు చేసే డ్రైవర్ ఉన్నట్టు. వట్టిగా 12 వోల్టులు అని మాత్రమే ఉంటే చాలా వరకు లోపల రెసిస్టర్ మాత్రమే ఉంటుంది. 12.2 దగ్గర మంచిగా వెలిగి, 14.4 రాగానే వేడెక్కి, కొన్ని నెలల్లో ఒక్కో చిప్ చొప్పున ఆరిపోతుంది. జీ4 రకంలో ఏసీ 12 వోల్టులు అని మాత్రమే రాసి ఉన్నవి కూడా వస్తాయి, అవి ఇళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచేవి, వద్దు.

వెలుతురు వాట్లలో కాక ల్యూమెన్లలో (బల్బు ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే కొలత) చూసుకోండి. 1141, 921 బల్బులు దాదాపు 260 ల్యూమెన్లు ఇస్తాయి. 1003 అయితే సుమారు 190, 1156 అయితే సుమారు 400. 194 మాత్రం 25 చుట్టూ, అది దారి చూపే లైటుకే. పాతదానికి దగ్గరగా ఉండే అంకె ఎంచుకోండి. మరీ ఎక్కువ ల్యూమెన్లున్నది చిన్న బండిలో కళ్లకు గుచ్చుకుంటుంది, పైగా గాలి ఆడని కవర్ లోపల వేడెక్కుతుంది. ఎల్ఈడీకి వేడి తక్కువే గానీ ఆ కొద్ది వేడి కూడా బయటికి పోకపోతే చిప్ ఆయుష్షు తగ్గుతుంది. రంగు విషయంలో పాత బల్బు లాంటి పసుపు వెలుగు కావాలంటే 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు రంగు కొలత). వంట చేసే చోట 4000 బాగుంటుంది. 6000 దాటినవి ఆసుపత్రి వరండాలా అనిపిస్తాయి, రాత్రి పడుకునే చోట నేను ఎవరికీ చెప్పను. ముందు ఒకటి తెప్పించి రాత్రిపూట వేసి చూసి, నచ్చాక మిగతావి తెప్పించండి.

ఇంకో విషయం చాలామందికి కొన్నాకే తెలుస్తుంది. పాత బల్బు అన్ని వైపులా వెలుగు చిమ్ముతుంది, వెనక ఉన్న తెల్ల రేకు దాన్ని కిందికి పంపుతుంది. ఎల్ఈడీలో చిప్‌లు ఏ వైపు చూస్తే వెలుగు అటే. మీ ఫిక్చర్‌లో బల్బు అడ్డంగా పడుకుని ఉంటే, మొక్కజొన్న కంకిలా చుట్టూ చిప్‌లున్న ఎల్ఈడీ పెడితే సగం వెలుగు పైకప్పు వైపు పోతుంది. అలాంటి చోట ఒక వైపే చిప్‌లున్న పలక రకం తీసుకుని, పలక కిందికి చూసేలా పెట్టండి. లోతు కూడా కొలవండి. కంకి రకాలు పాత బల్బు కంటే పొడుగ్గా ఉండి కవర్ మూసుకోనివ్వవు.

మీ ఎల్ఈడీ ఒకటి అసలు వెలగలేదన్నారు. ఫిలమెంట్ బల్బుకు ప్లస్, మైనస్ ఏ వైపున ఉన్నా ఒకటే. ఎల్ఈడీ చాలా వాటికి అలా కాదు. వెడ్జ్ అయితే తీసి అటుదిటు తిప్పి పెట్టండి, జీ4 కూడా అంతే. బయొనెట్ అయితే తిప్పే వీలు లేదు, ఫిక్చర్ వెనక వైర్లు రెండూ తారుమారు చేయాలి. వైరు రంగును మాత్రం నమ్మవద్దు. కార్లలో నల్లది మైనస్ కావడం అలవాటు, చాలా మోటార్‌హోముల్లో 12 వోల్టుల లైనుకు నల్లది ప్లస్, తెల్లది మైనస్. మీటర్ పెట్టి తేల్చుకున్నాకే మార్చండి. ధ్రువాల గొడవ లేని ఎల్ఈడీలు కూడా వస్తాయి, బయొనెట్ హోల్డర్లకు అవి కొంటే ఈ శ్రమ ఉండదు.

వణుకుతున్న ఎల్ఈడీకి ముందు ఒక చిన్న పరీక్ష. బయటి ప్లగ్ పీకి, బ్యాటరీ మీద మాత్రమే వేయండి. వణుకు ఆగిపోతే దోషం కన్వర్టర్‌ది. పాతకాలపు కన్వర్టర్లు సరిగ్గా చదును చేయని కరెంటు ఇస్తాయి, అందులోని ఒడిదుడుకులను మింగేది బ్యాటరీయే. బ్యాటరీ ముసలిదైనా, బ్యాటరీ స్విచ్ ఆపి ఉన్నా ఆ ఒడిదుడుకులు నేరుగా లైట్ల దాకా వస్తాయి. ఫిలమెంట్ వేడిగా ఉండటం వల్ల వాటిని కనిపించనివ్వదు, ఎల్ఈడీ దాచలేదు. బ్యాటరీ మీద కూడా వణుకుతుంటే హోల్డర్ గానీ, మైనస్ జాయింటు గానీ, వెలుగు తగ్గించే డిమ్మర్ గానీ చూడండి. పాత డిమ్మర్లు ఎల్ఈడీల కోసం చేసినవి కావు. స్విచ్ ఆపినా ఎల్ఈడీ సన్నగా వెలుగుతుంటే స్విచ్‌లోని చిన్న సూచిక దీపం గుండా కాస్త కరెంటు కారుతోందని అర్థం, ప్రమాదమేమీ లేదు.

ఎల్ఈడీ గురించి నాకున్న ఒక్క బెంగ ఇది. అది తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి చెడిపోయిన జాయింటు మీద కూడా చక్కగా వెలుగుతుంది. బాగైపోయింది అనుకుని వదిలేస్తారు. అదే మైనస్ జాయింటు మీద నీళ్ల పంపో, హీటర్ ఫ్యానో ఉంటే అది నడిచిన ప్రతిసారీ ఆ జాయింటు వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే ఎల్ఈడీ పెట్టే ముందు, పాత బల్బు వెలుగుతుండగానే వోల్టేజీ కొలిచి జాయింట్లు బాగుచేసుకోమని ఇంతగా చెబుతున్నాను. పాత బల్బు ఒకటి ఈ పరీక్ష కోసమే దాచుకోండి.

ట్యూబులైట్లు మీ బండిలో ఉంటే అవి వేరే పని. టీ5 అంటే వ్యాసం అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులు, టీ8 అంటే అంగుళం. వాటి వెనక ఉండే బ్యాలస్ట్ 12 వోల్టులను ఎక్కువ వోల్టేజీకి పెంచి ట్యూబుకు ఇస్తుంది, ఇక్కడ మాత్రం షాక్ కొడుతుంది. చివర్లు నల్లబడితే ట్యూబు మార్చండి, కొత్త ట్యూబు కూడా వెలగకపోతే బ్యాలస్ట్ పోయినట్టు. అప్పుడు బ్యాలస్ట్ తీసేసి, 12 వోల్టుల డీసీకి అని స్పష్టంగా రాసి ఉన్న ఎల్ఈడీ ట్యూబు లేదా పట్టీ నేరుగా కలపడం మేలు. ఇంటి ట్యూబు స్థానంలో పెట్టే ఎల్ఈడీ ఇక్కడ పనిచేయదు. పాత ట్యూబులో పాదరసం ఉంటుంది, విరగ్గొట్టి చెత్తలో వేయకండి.

ఎల్ఈడీ వద్దని చెప్పే చోటు ఒకటే, ఓవెన్ లోపలి లైటు. ఆ వేడికి ఎల్ఈడీ నిలవదు, ఓవెన్ కోసం చేసిన ఫిలమెంట్ బల్బే వేయాలి. పొయ్యి పైన ఉండే హుడ్‌లో ఎల్ఈడీ పెట్టవచ్చు గానీ ఆవిరి, జిడ్డు తగలకుండా ముందున్న అద్దం తప్పకుండా ఉండాలి. డ్రైవర్ సీటు వైపు లైట్లకు ఎల్ఈడీ వేస్తే కొన్ని కొత్త బళ్లు బల్బు పోయిందని హెచ్చరిక చూపిస్తాయి, దానికోసం విడిగా రకాలు వస్తాయి. చవక ఎల్ఈడీలు వేశాక రేడియోలో గరగర మొదలైనా, టీవీ యాంటెనా సరిగ్గా పట్టకపోయినా, లైట్లు ఒక్కొక్కటే ఆపుతూ చూడండి, ఏ బల్బు ఆపితే ఆగుతుందో దాన్ని మార్చండి.

మీరు ఈ వారం చేయాల్సింది కొలతలే. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు, ప్లగ్ పెట్టినప్పుడు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎంత ఉందో, వెలుగుతున్న ఒక పాత బల్బు దగ్గర ఎంత ఉందో, ఈ నాలుగు అంకెలూ రాయండి. వణికే ఎల్ఈడీ ప్లగ్ పీకితే ఆగిందా లేదా అన్నదీ రాయండి. పాత బల్బుల నంబర్లు కూడా పంపితే ఏ ఫిక్చర్‌కు ఏ రకం ఎన్ని తెప్పించాలో అప్పుడు లెక్కకట్టి చెబుతాను.